పదహారు బోల్టులు

క్లీథోర్ప్స్‌లో సముద్రం రోజుకి రెండుసార్లు
వెనక్కి నడుస్తుంది.
ఎంత దూరమంటే, దాన్ని చూడ్డానికొచ్చినవాళ్ళు
బురదని చూసి, చిప్స్ తిని, వెళ్ళిపోతారు.
దానికి టికెట్ లేదు.

మేనేజరు డెస్మండ్ థ్రాల్‌కి మాత్రం
మా చెక్క రోలర్ కోస్టర్‌ని వెనక్కి నడిపి
మనిషికి రెండు పౌండ్లు ఎక్కువ తీసుకోవాలని ఉంది.
"ఈస్టర్ లోపల చివరి రెండు బోగీలు తిప్పేయ్, బ్రామ్.
నాలుగు బోల్టులేగా?"

నాలుగు కాదు, పదహారు.
బ్రామ్ కాదు, భ్రమరాంబ.
రెండోది చెప్పడం మానేసి చాలా ఏళ్ళయింది.
పొద్దున ఆరింటికి స్పానర్ పట్టుకుని
పట్టాల వెంట నడిచేది నేనే.
గట్టిగా ఉన్న బోల్టు తడితే టంగుమంటుంది,
వదులైంది నసుగుతుంది.
ఆ నసుగుడు వినడానికే నాకు జీతం.

చెప్పాను థ్రాల్‌కి:
ముందుకెళ్ళేవాడికి ఒక మర్యాద దక్కుతుంది.
గొలుసు టకటకా పైకి లాగుతున్నంతసేపూ
ముందుంది మొసళ్ళ పండగ అని తెలిసి
పళ్ళు బిగిస్తాడు, కడుపు సర్దుకుంటాడు,
పక్కవాడి చెయ్యి దొరకబుచ్చుకుంటాడు.
వీపుకి ఆ వీలేదీ?
మొసలి నోట్లో పడ్డాకే దాని పళ్ళు లెక్కపెట్టాలి.

థ్రాల్ బల్ల చరిచాడు.
"అదే కదా మనం అమ్మేది!"

మెడల సంగతి చెప్పాను, కళ్ళజోళ్ళ సంగతి,
పోయిన ఆగస్టులో రెండో పల్లంలో దొరికిన
పైపళ్ళ సెట్టు సంగతి.
"అది ముందుకెళ్తుంటేనే ఊడిందిగా" అన్నాడు.
నిజమే.
ముందు నుయ్యి, వెనక గొయ్యి,
మధ్యలో మా టికెట్ కౌంటరు.

ఆ రాత్రి నిద్రపట్టక తెలుగులో ఆలోచించాను.
ముందు అంటే రాబోయేది.
ముందు అంటే అయిపోయింది కూడా.
"ముందే చెప్పొచ్చుగా" అని దెబ్బలాడతాం,
"ముందుంది నీ పని" అని బెదిరిస్తాం.
రెండు తలల మాట, దాన్ని ఏ బోగీలో కూచోబెట్టినా ఒకటే.
థ్రాల్‌కి ఇది ఇంగ్లీషులో చెప్పబోయి
టీ ఇచ్చి ఊరుకున్నాను.

ఇసుక బస్తాలు మూడు రోజులు తిరిగాయి.
వాటికి అభిప్రాయాల్లేవు.
నాలుగో రోజు ఫ్రీడా ఆస్క్యూ వచ్చింది.
ఎనభై ఒకటి. తొమ్మిదో ఏట చూపు పోయింది.
మలుపులన్నీ ఆమెకి అంకెలు:
పదకొండుకి ఎడమ, పంతొమ్మిదికి పల్లం.
ఈమెకి ముందేమిటి, వెనకేమిటి అనుకుంటూ
పక్కన కూచున్నాను.

కొండెక్కి, ఒక్క క్షణం ఆగి, వదిలింది.
నేను ఎదురుచూసిన భయం అది కాదు.
పొద్దున తట్టిన బోల్టులు
ఒక్కొక్కటీ నా కాళ్ళకిందనించి బయటికొచ్చి
చిన్నవై పోతున్నాయి.
మొయ్యాల్సినవాటిని రోజూ చూస్తాను.
మోసేసినవాటిని చూడ్డం ఇదే మొదటిసారి.
అరిచానట. నాకు గుర్తులేదు.

ఫ్రీడా నోట్లో పడ్డ జుట్టు ఊసింది.
"ఇన్నేళ్ళూ గాలి మొహానికి చెప్పి వచ్చేది.
ఇవాళ దొడ్డిదారిన మెడమీదకొచ్చింది, దొంగది.
ఇంకోటి. సముద్రం ఎప్పుడూ నా ఎడమ చెవిలో ఉండేది.
కుడి చెవిలోకి మార్చేశారు."
మార్చమంటారా మళ్ళీ, అన్నాను.
చాలాసేపు ఏమీ అనలేదు.
"ఒక్క బోగీ ఉంచు.
కొత్త సముద్రం గురువారాలకి చాలు."

ఫారంలో ఆఖరి గడి: మంచి ఆలోచనేనా?
అవును, కాదు. రెండే ఖాళీలు.
దాని కింద రాశాను:
ఒక బోగీ తిరిగి ముందుకి తిప్పాను.
ఎనిమిది బోల్టులు.
ఒకటి నసిగింది, బిగించాను.

బయట నీళ్ళు రావడం మొదలైంది,
బురదమీద ఎవరో వదిలేసిన
ఒక చెప్పుని ముందు తడిపి చూస్తూ.